కోవూరు–నెల్లూరు రోజూ సైకిల్ మీద: ట్యూబ్‌లెస్‌కి మారాలా, ట్యూబుతోనే ఉండాలా?

కోవూరు సైకిలు | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. కోవూరు నుంచి నెల్లూరులో ఆఫీసుకి రోజూ సైకిల్ మీదే పోయొస్తున్నాను. పెన్న బ్రిడ్జి దాటి ట్రంకు రోడ్డు మీదుగా దర్గామిట్ట దాకా. హైబ్రిడ్ సైకిల్, టైరు 700 ఇంటూ 35.

వానలు వెనకబట్టాక పంక్చర్లు మరీ ఎక్కువయ్యాయి, అదీ వెనక చక్రానికే. ఒకసారి సర్కారు తుమ్మ ముల్లు, ఒకసారి లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు మీద రాలే సన్న ఇనప తీగ, ఇంకోసారి ఏం గుచ్చుకుందో కూడా దొరకలేదు. బ్రిడ్జి మీద గాలి పోతే తోసుకుంటూ పోవడం తప్ప దారి లేదు. ఆఫీసులో బయోమెట్రిక్ టెన్షన్ ఒకటి.

షాపతను ట్యూబ్‌లెస్ చేయించుకో, ఇక పంక్చర్ మాటే ఉండదంటున్నాడు. ఖర్చు మాత్రం గట్టిగానే చెప్పాడు. రోజూ తిరిగే సైకిల్‌కి అది నిజంగా పనికొస్తుందా? మన ఎండల్లో, మన ముళ్ళలో వాడినవాళ్ళు చెప్పండి.

మాగుంట రైడర్ | సోమవారం రాత్రి

బైకులన్నీ ట్యూబ్‌లెస్ అయిపోయి ఎన్నాళ్ళో అయింది. మేకు దిగినా సాయంత్రం దాకా తిరిగి అప్పుడు తీరిగ్గా చిల్లులో రబ్బరు స్ట్రిప్ వేయించుకుంటున్నాం. సైకిల్‌కి మాత్రం ఇంత ఆలోచన ఎందుకు? మార్చెయ్యండి.

ఒంగోలు స్పోకు | మంగళవారం ఉదయం

మాగుంట అన్నా, బైకు సంగతి వేరు, సైకిల్ సంగతి వేరు. బైకు టైరు మందంగా ఉంటుంది, లోపల గాలి పట్టుకునే రబ్బరు పొరతోనే తయారవుతుంది. గాలి 30 పీఎస్ఐ అటూ ఇటూ. మేకు దిగితే ఆ మందపు రబ్బరే దాన్ని బిగించి పట్టుకుంటుంది. సైకిల్ టైరు పలచన. పైగా 35 మిల్లీమీటర్ల టైరులో అంతకన్నా ఎక్కువ ప్రెషర్ కొడతాం, ఉండే గాలి మాత్రం కొంచెమే. చిన్న చిల్లు పడితే చూస్తుండగానే ఖాళీ అవుతుంది. అందుకే సైకిల్ ట్యూబ్‌లెస్ అంటే లోపల సీలెంట్ లిక్విడ్ ఉండి తీరాలి. పంక్చర్‌ని ఆపేదంతా ఆ లిక్విడే.

కోవూరు తమ్ముడూ, డబ్బులు కట్టే ముందు రెండు చూసి చెప్పు. టైరు పక్కన 35-622 లాంటి నంబరు ఉంటుంది. అక్కడెక్కడైనా ట్యూబ్‌లెస్ రెడీ అని గానీ టీఎల్ఆర్ అని గానీ ఉందా? రిమ్ము మీద స్టిక్కరులో కూడా అలాంటి మాట ఉందా? రెండింటికీ ఉండాలి. ట్యూబ్‌లెస్ రిమ్ములో బీడింగు, అంటే టైరు గట్టి అంచు, కూర్చోడానికి చదునైన గట్టు, అది లోపలికి జారకుండా చిన్న మిట్ట ఉంటాయి. మామూలు రిమ్ముకి టేపు చుట్టి లిక్విడ్ పోసి నిలబెట్టేవాళ్ళున్నారు. గుంటలో పడినప్పుడు బీడింగు ఒక్కసారిగా ఊడితే గాలంతా పోయి మనిషి కింద పడతాడు. హైవే పక్కన లారీల మధ్య ఆ పని వద్దు.

మూలాపేట అమ్మాయి | మంగళవారం ఉదయం

నేను లేడీస్ సైకిల్ వాడతాను. మడ్‌గార్డులు, చైన్ కవరు, వెనక క్యారియర్, అన్నీ ఉన్నవి. వెనక చక్రం ఊడదీయడం నాతో అయ్యే పని కాదు, చీకటిపడ్డాక రోడ్డు పక్కన అసలే కాదు. అందుకని నాకు కావాల్సింది ఇంటికి చేరేదాకా గాలి ఆగడం, అంతే.

వెనక చక్రానికి మోటర్‌సైకిల్ వాల్వు ఉన్న ట్యూబు వేయించి, ట్యూబు లోపలే లిక్విడ్ పోయించాను. ఆ వాల్వులో పిన్ను ఊడి వస్తుంది కాబట్టి పోయడం తేలిక. ముల్లు గుచ్చుకున్నా చక్రం తిరుగుతుంటే లిక్విడ్ చిల్లులోకి వెళ్ళి ఆపేస్తోంది. ఒక ఇబ్బంది చెప్పాలి. పెద్ద చిల్లు పడి లిక్విడ్ బయటికి చిమ్మితే ఆ ట్యూబుకి ప్యాచ్ సరిగ్గా అంటదు, తడి వస్తూనే ఉంటుంది. శుభ్రంగా తుడిచి ఆరబెట్టే ఓపిక పంక్చర్ షాపులో ఎవరికీ ఉండదు. కొత్త ట్యూబే వేసుకోవాలి.

కందుకూరు మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం

నా వాడకం పాత 28 ఇంటూ ఒకటిన్నర సైకిల్. దాని రిమ్ము కొలత 635. కోవూరు అబ్బాయి సైకిల్‌ది 622. తేడా 13 మిల్లీమీటర్లే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. 635లో ట్యూబ్‌లెస్ టైరు నా కంటికి ఎక్కడా కనపడలేదు. కాబట్టి ఈ చర్చలో నాకు ఓటు లేదు. కానీ ట్యూబుల గురించి నాలుగు మాటలు చెప్పే హక్కుంది. మా బడి పిల్లల సైకిళ్ళకి ప్యాచులు వేస్తుంటాను.

ట్యూబు మంచిది కాదని అనుకునేవాళ్ళలో చాలామంది సైకిళ్ళకి అసలు సరిపడా గాలే ఉండదు. బొటనవేలితో నొక్కి చూసి బాగానే ఉందంటారు. బ్యూటైల్ ట్యూబయినా ముల్లు లేకుండానే మెల్లగా గాలి వదులుతుంది, వారానికోసారి కొట్టాలి. గాలి తక్కువున్న టైరు గుంట అంచుకి తగిలితే రోడ్డుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. అది ముల్లు పని కాదు. ఒకే వరసలో రెండు చిల్లులు కనిపిస్తే టైరుని తిట్టకండి, పంపు కొనుక్కోండి.

రెండో సంగతి. ప్యాచ్ వేయించుకున్న మర్నాడే మళ్ళీ పంక్చర్ అయితే నూటికి తొంభై వంతులు పాత ముల్లే. బయటికి విరిగిపోయి, మొన మాత్రం టైరులో ఉండిపోతుంది. వేలు పెట్టి వెతికితే వేలికి దిగుతుంది. కొంచెం దూది గానీ పాత నూలు గుడ్డ గానీ తీసుకుని టైరు లోపల చుట్టూ నెమ్మదిగా లాగాలి. మొన ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. అక్కడ టైరుని వెనక్కి వంచితే నల్ల రబ్బరులో గోధుమరంగు చుక్క కనిపిస్తుంది. నెయిల్ కట్టర్‌తో పట్టుకుని లోపలివైపు నుంచే లాగాలి. షాపుల్లో హడావిడిలో ఈ పని వదిలేస్తారు. ట్యూబుని టబ్బు నీళ్ళలో ముంచి బుడగలు చూసి ప్యాచ్ వేసి పంపిస్తారు. ముల్లు మళ్ళీ మనతోనే వస్తుంది.

ఒంగోలు స్పోకు | మంగళవారం మధ్యాహ్నం

మాస్టారూ, దూది సంగతి ట్యూబ్‌లెస్ వాళ్ళు కూడా రాసిపెట్టుకోవాలి. ఎందుకో చీమకుర్తి తమ్ముడు చెబితే బాగుంటుంది, అతనికి అనుభవం.

చీమకుర్తి గెలాక్సీ | మంగళవారం రాత్రి

చెబుతాను అన్నా. నేను చీమకుర్తి నుంచి కర్నూలు రోడ్డు మీద ఒంగోలు వస్తాను. రెండు చక్రాలూ ట్యూబ్‌లెస్, రిమ్ములు దానికోసం చేసినవే. మా దారిలో ముళ్ళ కన్నా గ్రానైట్ లారీల నుంచి పడే రాతి చెక్కలు ఎక్కువ భయం. ముల్లయితే ట్యూబ్‌లెస్ టైరుకి లెక్కే లేదు. టైరు మీద తెల్లటి చుక్క కనిపిస్తే, ఓహో ఇక్కడ ఒకటి దిగిందన్నమాట అనుకుని పోవడమే. రాతి చెక్క పక్క గోడని కోస్తే మాత్రం లిక్విడ్ ఏమీ చెయ్యలేదు. చిమ్ముకుంటూ పోతుంది, బట్టలు, బ్యాగు, ఫ్రేము అంతా తెల్లగా అవుతుంది.

అప్పుడు చెయ్యాల్సింది ఇది. వాల్వు ఊడదీసి, కోతకి లోపల గేటర్ ముక్క (పాత టైరు ముక్క) పెట్టి, ట్యూబు ఎక్కించి ఇంటికి రావాలి. ఇక్కడే మాస్టారి దూది అవసరం. ట్యూబ్‌లెస్ టైరులో అన్నాళ్ళుగా దిగిన ముళ్ళ మొనలన్నీ లోపల నిలబడే ఉంటాయి. లిక్విడ్ ఉన్నన్నాళ్ళూ వాటితో బాధ లేదు. ట్యూబు పెట్టి గాలి కొట్టగానే ఒకేసారి నాలుగైదు చోట్ల దిగుతాయి. మొత్తం వెతికి తీశాకే ట్యూబు పెట్టాలి.

అంటే ట్యూబ్‌లెస్ వేయించుకున్నా బ్యాగులో ఒక ట్యూబు, టైరు విప్పే లివర్లు, పంపు మోయాల్సిందే. ఈ మాట మీ షాపతను చెప్పాడా?

కోవూరు సైకిలు | మంగళవారం రాత్రి

చెప్పలేదు అన్నా. పంపు కూడా అక్కర్లేదన్నాడు.

మైపాడు గాలి | బుధవారం ఉదయం

నేను ఇందుకూరుపేట వైపు ఉంటాను. రొయ్యల గుంటల గట్ల మీద, ఆ తర్వాత నెల్లూరు రోడ్డు మీద తిరుగుతాను. నేనూ ట్యూబ్‌లెస్సే, నాకు ఇష్టమే. కానీ దాన్ని చూసుకోవాలి, ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పరు.

సీలెంట్ చాలావరకు రబ్బరు పాలతో చేసిందే. చిల్లు పడ్డప్పుడు గాలితో పాటు బయటికి తన్నుకొచ్చి, అక్కడ ఆరి గట్టిపడి మూసుకుంటుంది. ఆరిపోవడమే దాని పని. ఇబ్బందల్లా టైరు లోపల కూడా అది ఆరుతూనే ఉండడం. కంపెనీలు రెండు నుంచి ఆరు నెలలు అని రాస్తాయి. ఆ ఆరు నెలలు చల్లటి దేశాల మాట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి ఎండలో పార్కింగ్ షెడ్డు లేని ఆఫీసు ముందు రోజంతా సైకిల్ నిలబెడితే రెండు నెలలకే టైరు లోపల మీగడలా ఎండిన పొర తప్ప తడి ఉండదు. బయటికి ఏమీ తెలియదు. గాలి నిలుస్తూనే ఉంటుంది. ముల్లు దిగిన రోజు తెలుస్తుంది.

అందుకని ఫిబ్రవరి చివర ఒకసారి, మళ్ళీ ఏప్రిల్ నెలాఖరుకి ఒకసారి వాల్వు పిన్ను తీసి లోపల సన్న పుల్ల పెట్టి చూస్తాను. మోటారు బండిలో ఇంజన్ ఆయిల్ చూసినట్టే. పుల్లకి తడి అంటకపోతే పోస్తాను. 35 టైరుకి మొదటిసారి 50, 60 మిల్లీలీటర్లు, తర్వాత అందులో సగం సరిపోతుంది.

ఉప్పుగాలికి ఇంకో మాట. అమ్మోనియా కలిసిన సీలెంట్ అల్యూమినియం రిమ్ముని తింటుంది. టేపు ఎక్కడైనా లేచి లిక్విడ్ లోపలికి దిగితే రిమ్ము మీద, స్పోకులు బిగించే నిపిళ్ళ మీద తెల్లటి పొడి కడుతుంది. సముద్రం దగ్గర అసలే తుప్పు తొందరగా వస్తుంది. అమ్మోనియా లేనివి దొరుకుతాయి, అడిగి కొనుక్కోండి.

మాగుంట రైడర్ | బుధవారం ఉదయం

ఇంత పనుందా! మరి దూరంలో ఎక్కడైనా ఆగిపోతే మామూలు బైకు పంక్చర్ షాపులో చేస్తారా? వాళ్ళ దగ్గర స్ట్రిప్పులు ఉంటాయి కదా.

చీమకుర్తి గెలాక్సీ | బుధవారం మధ్యాహ్నం

చేస్తారు గానీ చేయించకండి అన్నా. బైకు టైరుకి చిల్లు సాఫు చేసే ఆ సూది లావు, స్ట్రిప్పూ లావు. సైకిల్ టైరులోకి దాన్ని దించితే ముల్లు చిల్లు కాస్తా మేకు చిల్లవుతుంది. సైకిళ్ళకి సన్న స్ట్రిప్పులు వేరే వస్తాయి, అవి బ్యాగులో ఉంచుకుంటే రోడ్డు మీద మనమే పెట్టుకోవచ్చు.

వాళ్ళ కంప్రెసర్ మాత్రం బాగా ఉపయోగం. కొత్తగా ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించినప్పుడు బీడింగు గట్టు మీదికి ఎక్కడానికి ఒక్కసారిగా గాలి కావాలి, చేతి పంపుతో చాలాసార్లు అవదు. బీడింగుకి సబ్బు నీళ్ళు రాసి కంప్రెసర్ పెడితే టప్పుమని కూర్చుంటుంది. వాళ్ళ గొట్టం మోటారు వాల్వుకే పడుతుంది. మన సన్న ప్రెస్టా వాల్వుకి ఇత్తడి అడాప్టర్ ఉంటుంది, చాలా చవక, తాళంచెవుల గుత్తికి తగిలించుకోండి. దగ్గరుండి కొట్టించండి, టైరు పక్కన రాసిన గరిష్ఠ ప్రెషర్ దాటనివ్వకండి.

ఒంగోలు స్పోకు | బుధవారం మధ్యాహ్నం

ముళ్ళ గురించి కూడా వేరు చేసి మాట్లాడుకోవాలి. కనిగిరి, పొదిలి వైపు మట్టి దారుల్లో పల్లేరు కాయలు ఎక్కువ. చిన్నవి, గట్టివి, ఎలా పడినా ఒక మొన పైకే ఉంటుంది. పొట్టి ముల్లు కాబట్టి టైరు మందంగా ఉన్నా, టైరుకీ ట్యూబుకీ మధ్య యాంటీ పంక్చర్ పట్టీ ఉన్నా ట్యూబు దాకా చేరదు. సర్కారు తుమ్మ ముల్లు అలా కాదు. పొడుగు. నిలువుగా దిగిందంటే పట్టీని కూడా దాటొచ్చు. కానీ చిల్లు సన్నం, లిక్విడ్‌కి అది సులువు. కాబట్టి పల్లేరు దారుల్లో తిరిగేవాళ్ళకి మంచి టైరే చాలు. కాలవ గట్ల మీద, కంప కొట్టి పడేసిన దారుల్లో తిరిగేవాళ్ళకి లిక్విడ్ నిజంగా మేలు.

ఇంకోటి, తుమ్మ ముల్లు దిగింది కనిపించగానే రోడ్డు మీదే పీకేస్తారు. పీకొద్దు. అది ఉన్నన్నాళ్ళూ చిల్లుకి అదే అడ్డం. ట్యూబయితే గాలి కొట్టుకుంటూ షాపు దాకా పోవచ్చు. ట్యూబ్‌లెస్ అయితే ఇంటికొచ్చాక పీకి, ఆ చోటు నేలకి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు అలా ఉంచితే లిక్విడ్ అక్కడికి చేరి మూసేస్తుంది.

కందుకూరు మాస్టారు | బుధవారం సాయంత్రం

చదువుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. గాలి టైరుకి డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకుంది సైకిల్ కోసమే. సైకిల్ ట్యూబ్‌లెస్‌కి మావిక్ కంపెనీ యూఎస్‌టీ పద్ధతి తెచ్చింది 1999లో, అదీ కొండల్లో తిరిగే సైకిళ్ళకి. అక్కడ రాళ్ళ మీద పట్టు కోసం గాలి బాగా తగ్గించి తొక్కాలి, ట్యూబుంటే నలిగిపోతుంది. ఆ అవసరం వేరు. ఆఫీసుకి పోయేవాడి అవసరం మధ్యలో ఆగకపోవడం, ఆగితే పది నిమిషాల్లో బయల్దేరడం.

ఈ రెండో దాంట్లో ట్యూబు ముందు ఏదీ నిలవదు. అల్లూరు నుంచి అద్దంకి దాకా ఏ ఊళ్ళో ఆగినా ప్యాచ్ వేసే మనిషి దొరుకుతాడు. మా పాత సైకిళ్ళకయితే చక్రం కూడా ఊడదీయడు. ఒక పక్క బీడింగు లేపి, చిల్లు ఉన్నచోట ట్యూబుని బయటికి లాగి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరి వేలికి అంటకుండా అయ్యాక ప్యాచ్ వేసి కొడతాడు. తడి మీదే అంటించేవాడి దగ్గర చేయించుకోకండి.

మైపాడు గాలి | బుధవారం రాత్రి

మాస్టారూ, మీ మాట కాదనను గానీ ఆ ప్యాచ్ వేసే షాపులు పొద్దున ఏడుకి తెరవరు. పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్ళ సంగతేంటి? నాకు ట్యూబు ఉన్నప్పుడు ముళ్ళతోనే సరిపోయేది. ఇప్పుడు ఆగడం అరుదు. ఇంకా గుంటల రోడ్డు మీద 40 పీఎస్ఐ దగ్గర తొక్కుతున్నాను, ట్యూబుతో 55కి తగ్గితే భయపడేవాణ్ణి. మణికట్లు నొప్పి తగ్గింది. దీనికి విలువ లేదా?

కందుకూరు మాస్టారు | బుధవారం రాత్రి

ఉంది నాయనా. పుల్ల పెట్టి చూసుకునే మనిషివి కాబట్టి నీకు ఉంది. చూసుకోని వాళ్ళకి ఉండదనే నా బాధ.

మూలాపేట అమ్మాయి | గురువారం ఉదయం

కోవూరు అన్నా, రిమ్ము చూశారా లేదా? అది తేలకుండా మనం ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

కోవూరు సైకిలు | గురువారం రాత్రి

ఇప్పుడే చూశాను. టైరు, ట్యూబు తీసి టార్చి వేసి చూశాను. రిమ్ము మీద 622 తప్ప ఏ మాటా లేదు. లోపల ఒంగోలు అన్న చెప్పిన గట్టు గానీ మిట్ట గానీ లేవు. స్పోకుల మీద పల్చటి రబ్బరు పట్టీ ఉంది, అది కూడా ఒక పక్కకి జరిగి రెండు స్పోకు రంధ్రాలు కనపడుతున్నాయి. ఆ పక్కనే ట్యూబు మీద గుండ్రంగా అచ్చు పడింది. నాకు దొరకని ఆ మూడో పంక్చర్ ఇదేనేమో. టైరు లోపల దూది లాగితే ఇనప తీగ ముక్క ఒకటి దొరికింది, వెంట్రుక కన్నా కొంచెం లావు.

ఒంగోలు స్పోకు | గురువారం రాత్రి

అనుమానం అక్కర్లేదు, అదే. చిల్లు రిమ్ము వైపు ఉంటే ముల్లు కాదు, స్పోకు రంధ్రం గానీ నిపిల్ గానీ. గుడ్డ రిమ్ టేపు రంధ్రాలు పూర్తిగా మూసుకునే వెడల్పుది అంటించు.

నీ సైకిల్‌కి ట్యూబ్‌లెస్ అంటే రెండు రిమ్ములు, రెండు టైర్లు, వాల్వులు, టేపు, లిక్విడ్, పైగా చక్రాలు మళ్ళీ అల్లించే కూలి. ఆరేడు కిలోమీటర్ల దూరానికి ఆ ఖర్చు నేను పెట్టించను. అందులో చిన్న భాగంతో వెనక్కి పంక్చర్ రక్షణ పొర ఉన్న మంచి టైరు వస్తుంది. ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి వాటిలో ఆ పొరే 5 మిల్లీమీటర్లు ఉంటుంది. బరువు, తొక్కడం కొంచెం భారం, ఖరీదూ ఎక్కువే. అంత పెట్టలేకపోతే మామూలు మంచి టైరు, లోపల యాంటీ పంక్చర్ పట్టీ. ఎప్పుడైనా సైకిల్ మార్చే రోజు వస్తే అప్పుడు ట్యూబ్‌లెస్ రెడీ రిమ్ములున్నది చూసి తీసుకో. ఆ రోజు మైపాడు తమ్ముడి మాట విను.

చీమకుర్తి గెలాక్సీ | గురువారం రాత్రి

నాదీ అదే మాట. ట్యూబ్‌లెస్ వాడుతూ చెబుతున్నాను.

కోవూరు సైకిలు | శుక్రవారం ఉదయం

సరే, నిర్ణయం అయిపోయింది. రిమ్ టేపు, వెనక్కి కొత్త టైరు, పట్టీ, ఒక ఫ్లోర్ పంపు. బ్యాగులో ఒక స్పేర్ ట్యూబు. ఆదివారం నేనే కూర్చుని వేసుకుంటాను. పట్టీ రెండు చక్రాలకీ వెయ్యాలా? ఇంకా, పట్టీ అంచు ట్యూబుని కోస్తుందని ఎవరో అన్నారు, నిజమేనా?

కందుకూరు మాస్టారు | శుక్రవారం ఉదయం

ముందు వెనక్కి వెయ్యి నాయనా, బరువు పడేది అక్కడే, ముందు చక్రం లేపిన ముల్లు దిగేదీ అక్కడే. ముందుది తర్వాత చూసుకోవచ్చు.

అంచు కొయ్యడం నిజమే. పట్టీ రెండు కొసలు ఒకదాని మీద ఒకటి వచ్చేచోట గట్టి మూల ట్యూబుని రాపాడుతూ ఉంటుంది, కొన్నాళ్ళకి అక్కడే చిల్లు పడుతుంది. కత్తెరతో కొసలు గుండ్రంగా కత్తిరించి, గరుకు కాగితంతో అంచు పల్చబడేదాకా రుద్దు. ఆ జాయింటు మీద పాత ట్యూబు ముక్క ఒకటి సొల్యూషన్‌తో అంటించు. ట్యూబుకి కొంచెం టాల్కమ్ పౌడర్ రాసి, గుండ్రంగా వచ్చేంత గాలి మాత్రమే కొట్టి లోపల పెట్టు, మెలిక పడదు. బీడింగు చుట్టూ సరిగా కూర్చుందో లేదో రెండు వైపులా చూసుకున్నాకే నిండా గాలి కొట్టు.